మోటారు సైకిలు ముందు దీపము: బల్బు విషయమై సభ్యులకు విన్నపము

మన సంఘపు సభ్యులలో మోటారు సైకిలు లేని యిల్లు నేడు మిక్కిలి అరుదు. పాలు కేంద్రమునకు చేర్చుటకును, కూరలు సంతకు మోయుటకును, ఎరువు కట్టలు పొలమునకు తీసికొనిపోవుటకును, కరెంటు రాత్రివేళ వచ్చు చోట్ల బోరు మీట వేసి వచ్చుటకును ఈ బండియే ఆధారము. ఒకప్పుడు ఎద్దుల బండి క్రింద వ్రేలాడు లాంతరు విషయమున మన పెద్దలు ఎంతో శ్రద్ధ వహించెడివారు. చిమ్నీ తుడిచి, వత్తి కత్తిరించి, కిరసనాయిలు చూచుకొనిన పిదపనే కాడి యెత్తెడివారు. అందులో నాలుగవ వంతు శ్రద్ధయైనను మనము మోటారు సైకిలు దీపము మీద చూపుట లేదు. బల్బు మాడిన నాడు అంగడికి పోయి, ఎక్కువ వెలుగు వచ్చునది ఇమ్మని అడిగి, అతడిచ్చినది తెచ్చి బిగించుకొనుచున్నాము. ఈ అలవాటు మంచిది కాదని వ్రాయుటకే మేము కలము పట్టితిమి. ఎరువులను గూర్చియు తెగుళ్లను గూర్చియు వ్రాయవలసిన పుటలలో బల్బు ముచ్చట యేమని కొందఱు నవ్వవచ్చును. కడవఱకు చదివిన పిమ్మట నవ్వినచో మాకు అభ్యంతరము లేదు.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. మాకు ఒక పాత బుల్లెట్టు బండి కలదు. గ్రామములు తిరుగుటకును విత్తనపు సంచులు మోయుటకును అనుకూలముగా ఉండునని వెనుక ఇరుప్రక్కల ఇనుప చట్రములు కట్టించితిమి. నడుము నొప్పిచేత హేండిలు ఎత్తు చేయించితిమి. ఒకనాడు వంతెన మలుపున బండి పడి ముందు డూము పగిలినపుడు విజయవాడ ఆటోనగరులో దొరికిన వేఱొక డూమును తెచ్చి మెకానిక్కు చేత పెట్టించితిమి. ఇట్లు మూడు మార్పులు పొందిన బండికి నాలుగవ మార్పు బల్బు. ఆ బండికి తయారీదారు నిర్ణయించినది 60/55 వాట్ల బల్బు. అంగడివాడు 100/90 వాట్లది చేతిలో పెట్టి, “ఇది వేస్తే పట్టపగలే అండీ” అనెను. పట్టపగలు కావలెనని మాకును ఆశ పుట్టెను. కొంటిమి.

వారము దినములు మిక్కిలి సంతోషించితిమి. కాలువగట్టు మీద పోవునపుడు ఆవలి గట్టున తాటిచెట్ల మట్టలు లెక్కింపవచ్చునంత వెలుగు వచ్చెను. తాటి మట్టలతో మాకు పని లేదు, మాకు కావలసినది చక్రము ముందరి గోతులు. ఐనను ఆ సంగతి అప్పుడు తోచలేదు. గత మార్గశిరమున ఒక తెల్లవాఱుజామున, మంచు విడువక మునుపే, మాగాణిలో చల్లుటకు మినుము విత్తనపు సంచులు రెండు ప్రక్కల వేసికొని పొరుగూరికి పోవుచుంటిమి. ఎదుట ఒక బండి దీపము కానవచ్చెను. డిమ్ము వేసితిమి. ఆ దీపము కొంత ఊగి, ప్రక్కకు జరిగి, కానరాక పోయెను. ఎవరో పొలము బాటకు మళ్లినారని తలచి సాగిపోతిమి.

మధ్యాహ్నమునకు సంగతి తెలిసినది. మన సంఘమునకే పాలు పోయు ఒక సభ్యుని కుమారుడు గట్టు దిగి, తుమ్మ మొద్దునకు కొట్టుకొని, భుజము ఎముకయు ముంజేతి ఎముకయు విఱిగి ఆసుపత్రిలో ఉండెను. రెండు క్యానుల పాలు కాలువలో కలిసెను. చూడబోయితిమి. తండ్రి మంచము ప్రక్కన కూర్చుండి యుండెను. “ఎదురుగా ఎవడిదో బండి, అయ్యగారూ. కళ్ళల్లోకి సూర్యుడే దిగినట్టుందట. గట్టు అంచు కనపళ్ళేదంటున్నాడు పిల్లాడు. డిమ్ము కూడా వెయ్యలేదు దుర్మార్గుడు” అనెను. వేసితిమి అను మాట మా నోటివఱకు వచ్చి ఆగిపోయెను. ఏ వేళకు, ఏ గట్టున అని అడిగితిమి. ఆ పిదప ఆ బండి మాదేనని చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. తుదకు, “మీరు చెప్పారు గనక తెలిసింది. చెప్పనివాళ్ళ మాటేమిటి, అయ్యగారూ?” అని మాత్రము అనెను. ఆ ప్రశ్నకు మేము ఇచ్చుకొనదగిన సమాధానమే ఈ వ్యాసము.

డిమ్ము వేసియు ఎదుటివాని కన్నులు ఏల చెదరినవి? ఆ రాత్రి బండిని ఇంటి గోడ యెదుట నిలిపి, సంచులు వేసియు తీసియు చూచితిమి. తప్పు ఒకటి కాదు, మూడు కలిసినవి. బల్బు డూమునకు మించినది. ఆ డూము కుడిప్రక్క నడచు దేశములకు చేసినది. అట్టి వానిలో డిమ్ము వెలుగు కుడివైపున ఎగజిమ్ముట కలదు, బాట అంచున నడచువారు కనబడవలెనని వారు అట్లు చేయుదురు. ఎడమప్రక్క నడచు మన దేశమున కుడివైపున వచ్చునది ఎదుటి బండి. ఇక మూడవది వెనుక బరువు. దానిని గూర్చి తరువాత చెప్పెదము.

మిషను బడిలో మాకు ప్రకృతిశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయులు ఒకనాడు గది తలుపులు మూయించి, పుటాకారపు అద్దము ముందు క్రొవ్వువత్తి వెలిగించిరి. వత్తి ఒకానొక చోట నిలిచినపుడు ఎదుటి గోడమీద వెలుగు బిళ్లవలె పడెను. వత్తిని రెండంగుళములు జరిపిరి. బిళ్ల చెదరి పలుచబడెను. దీపము మాఱలేదు, అద్దము మాఱలేదు, చోటు మాఱినదని వారు చెప్పి ఊరకుండిరి. ముప్పది యేండ్ల పిమ్మట ఆ పాఠము మాకు మరల జ్ఞాపకమునకు వచ్చెను. మోటారు సైకిలు డూము అట్టి అద్దమే. బల్బులోని తీగ ఉండవలసిన చోట నుండి ఒకటి రెండు మిల్లీమీటర్లు తొలగినను వెలుగు బాటమీద నిలువక ఆకాశమునకును చేలకును పంచబడును. కావున బల్బు అనగా వెలుగునిచ్చు గాజుబుడ్డి మాత్రము కాదు. తీగను ఆ చోట నిలుపు కొలతకోల అని మన రైతులు గ్రహింపవలయును.

నేడు ఎక్కువగా వాడుకలోనున్న హెచ్.4 రకపు బల్బును చేతిలోనికి తీసికొని చూడుడు. ఈ రకము 1971లో వచ్చినది. దానిలో రెండు తీగలు ఉండును. ఒక తీగ అద్దపు కేంద్రమున నిలిచి దూరమునకు వెలుగు పంపును, అది బ్రైటు. రెండవది దానికి కొంచెము ముందు ఉండును. దాని అడుగున చిన్న లోహపు దొప్ప కలదు. ఆ దొప్ప వెలుగును క్రిందికి పోనీయక డూము పై సగమునకే పంపును. అచ్చటినుండి వెలుగు బాటమీదికి వంగి దిగును. ఇదియే డిమ్ము. ఈ బల్బును తలక్రిందుగా గాని, ఓరగా గాని బిగించినచో ఆ దొప్ప చేయవలసిన పని తాఱుమాఱై, బాటమీదికి దిగవలసిన వెలుగు ఎదుటివాని ముఖమున పడును. అందుకే బల్బు మెడచుట్టు మూడు చెవులు పెట్టి, ఒకదానిని వెడల్పు చేసినారు. ఒక్క తీరుననే డూములో కూర్చుండవలెనని దాని ఉద్దేశము. కొందఱు మెకానిక్కులు చెవి అడ్డుపడిన ఆకురాయితో అరగదీసి ఎక్కించుదురు. తాళము తీయరానప్పుడు తలుపు నఱకుట వంటిదే ఇది.

మార్పులు చేసిన బండ్లతో వచ్చు చిక్కు ఇదియే. బండి పేరు చెప్పి బల్బు అడుగుట అట్టి బండికి పనికిరాదు. పేరు ఒక బండిది, డూము వేఱొక బండిది, వైరింగు మెకానిక్కుది. కాబట్టి అంగడికి పోవునపుడు మాడిన బల్బును జేబులో వేసికొని పొండు. దాని లోహపు మెడమీద రకమును, ఓల్టులును, వాట్లును చిన్న అక్షరములతో అచ్చువేసి యుండును. చత్వారము వచ్చినవారు బడి పిల్లవాని చేత చదివించుకొనవచ్చును. హెచ్.4 అనునది 12 ఓల్టులకు 60/55 వాట్లు. హెచ్.ఎస్.1 అనునది 35/35 వాట్లు. చూపునకు రెండును అన్నదమ్ములవలె ఉండును గాని, మొదటిదాని వెలుగులో రెండవది ఇంచుమించు సగమే ఇచ్చును, సగము కంటె కొంచెము హెచ్చు కరెంటు తినును. చిన్న బండ్లకు హెచ్.ఎస్.1 నియమించుటకు కారణము వాని యింజను అంతకు మించి పుట్టింపలేక పోవుటయే. పాత బండ్లలో మెడకు రెండు మొలలు గల ఎస్.2 వంటి బల్బులును కలవు. మఱియు తాతలనాటి రాజ్‌దూతులు, జావాలు, యెజ్డీలు నేటికిని నడుపువారు మన తాలూకాలో ఉన్నారు. అవి 6 ఓల్టుల బండ్లు. వానికి 12 ఓల్టుల బల్బు పెట్టిన నిప్పుకణికవలె ఎఱ్ఱగా మిణుకుమనును. 12 ఓల్టుల బండికి 6 ఓల్టుల బల్బు పెట్టిన రెప్పపాటులో మాడును.

మాడిన బల్బు కూడ ముందటి యజమాని పెట్టిన తప్పు బల్బు కావచ్చును గదా యని అడుగుదురు. నిజమే. అట్టప్పుడు డూము గాజుమీద చూడవలయును. సరియైన డూము గాజుమీద అది యే రకపు బల్బునకు చేయబడినదో అచ్చుండును. పరీక్ష పొందినదానిపై వృత్తములో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరమును ఒక అంకెయు తఱచుగ కనబడును. ఏ గుర్తును లేని డూము ఎంత మెఱసినను కొనవలదని మా సలహా. అది అద్దము కాదు, మెఱుగు రేకు.

డూము ఏ మెడను కోరుచున్నది అనునది ఒక ప్రశ్న. ఇంజను ఎంత కరెంటు ఇవ్వగలదు అనునది వేఱొక ప్రశ్న. కంపెనీ నుండి వచ్చిన బండిలో ఈ రెంటికిని ఒకే జవాబు. మార్చిన బండిలో రెండు జవాబులు ఉండవచ్చును. మా యెఱుకలోని ఒక సభ్యుడు తన 100 సి.సి. బండికి అందము కొఱకు బుల్లెట్టు డూము పెట్టించి, డూమునకు తగినదని 60/55 బల్బు కొనెను. వెలుగు ఆముదపు దీపమువలె వచ్చెను. బల్బు దొంగసరకని అంగడివానితో తగవులాడెను. తప్పు అంగడివానిది కాదు. ఆ పాత చిన్న బండిలో ముందు దీపమునకు కరెంటు బ్యాటరీనుండి గాక నేరుగా మాగ్నెటు కాయిలు నుండి వచ్చును. ఆ కాయిలు 35 వాట్ల బల్బునకు లెక్కకట్టి చుట్టినది. దానిపై 60 వాట్లు మోపిన, ఒంటి యెద్దుచేత రెండెద్దుల బరువు లాగించినట్లు, ఓల్టులు పడిపోవును. ఓల్టులు నూటికి పది తగ్గినచో వెలుగు నూటికి పది కాదు, సుమారు ముప్పది తగ్గును. ఇరువది తగ్గినచో సగము కంటె ఎక్కువ పోవును. పెద్ద బల్బు పెట్టి చిన్న బల్బుకంటె తక్కువ వెలుగు పొందుట ఇట్లే. ఆ డూము మెడకు సరిపోవు 35/35 వాట్ల బల్బులును అంగళ్లలో దొరకును. అది పెట్టిన నాడు తగవు తీఱినది.

కాయిలు మీద వెలుగు బండ్లకు ఇంకొక గుణము కలదు. బండి ఆగిన దీపము మందగించును, ఎక్సలేటరు త్రిప్పిన ప్రకాశించును. బురదలో మెల్లగా పోవునపుడు, గేదెలు అడ్డము వచ్చినపుడు, అనగా ఎప్పుడు వెలుగు ఎక్కువ కావలెనో అప్పుడే అది తగ్గును. దీనికి విరుగుడని పెద్ద బల్బు పెట్టరాదు. బల్బులు పదే పదే మాడుచున్నచో అది ఇంకొక రోగము. రెగ్యులేటరు చెడి ఓల్టులు హెచ్చుచున్నవని అర్థము. ఓల్టులు నూటికి అయిదు హెచ్చిన బల్బు ఆయుస్సు సుమారు సగమునకు దిగును. నెలకొక బల్బు కొనువారు రెగ్యులేటరు ఒకసారి మార్పించుట లాభము. 2017 ఏప్రిలు 1వ తేదీ మొదలు తయారగు బండ్లలో ఇంజను నడచినంతసేపును ముందు దీపము వెలుగుచునే యుండును. అట్టివానిలో తప్పు బల్బు చేయు చెఱుపు పగలును రాత్రియు సాగును.

పెద్ద బల్బు యొక్క వేడిని గూర్చియు చెప్పవలయును. 60 వాట్లు 12 ఓల్టుల మీద 5 ఆంపియర్లు తినును. 100 వాట్లు 8 ఆంపియర్లకు మించి తినును. వైరు, మీట, హోల్డరు 5 ఆంపియర్లకు చేసినవి. మా బండి హోల్డరును విప్పి చూచినపుడు ప్లాస్టిక్కు కరగి బెల్లపు పాకమువలె జారి గట్టిపడి యుండెను. డూము వెండిపూత బల్బు పైభాగమున పొగచూరెను. ఇంక కొన్నాళ్లు తిరిగిన ఏ చీకటిలోనో దీపము తనంతట ఆరిపోయెడిది. ఫ్యూజు పోయినపుడు దానికి బదులు సిగరెట్టు కాగితము చుట్టుట, రాగితీగ పెట్టుట మన పల్లెలలో చూచుచున్నాము. గడ్డివాము ప్రక్కన బండి నిలుపువారు అట్లు చేయదగునా?

పల్లె బాటలకు వెలుగు చాలదు, పాములు గోతులు గేదెలు ఉన్నవి, పట్టణమువారి లెక్క మాకు చెప్పవలదని సభ్యులు కొందఱు మాతో వాదించిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. నేను చూడవలెను అనునది ప్రాణావసరము. ఐతే తగిన బల్బు నుండి రావలసిన వెలుగు మనకు వచ్చుచున్నదా అని ముందు విచారింపవలయును. మెకానిక్కు వద్ద ఓల్టుమీటరు ఉండును. ఇంజను కొంచెము వేగముగా నడచుచుండగా బ్యాటరీ వద్ద ఒకసారి, బల్బు మొలల వద్ద ఒకసారి చూపింపుడు. ఇది బ్యాటరీ మీద వెలుగు బండ్ల మాట. రెంటికిని ఒక ఓల్టునకు మించి తేడా యున్నచో ఆ వెలుగు త్రుప్పుపట్టిన ఎర్తు వైరులోనో, వదులు ముడిలోనో, పాత మీటలోనో పోవుచున్నది. మార్చిన బండ్లలో వైర్లు మెలిపెట్టి పేపరు చుట్టినచోట్లు ఎన్నియో కలవు. వానిని కోసి, శుభ్రపఱచి, తగరపు అతుకు వేయింపుడు. బుల్లెట్టు వంటి బండికి బ్యాటరీ నుండి మందపు వైరుతో, నడుమ ఫ్యూజు నుంచి, రిలే పెట్టించిన 60/55 బల్బే క్రొత్తదానివలె వెలుగును. డూము గాజు ఎండకు పసుపెక్కినదా, లోపలి పూత రాలినదా చూడుడు. రాలినచో బల్బు మార్చి ఫలము లేదు, డూము మార్చవలసినదే. లోపల నల్లబడిన బల్బును మాడువఱకు ఆగక తీసివేయుడు. ఇవన్నియు చేసి, వర్షపు నీటితో బురదపట్టిన గాజును గుడ్డతో తుడిచిన పిదప కూడ వెలుగు చాలలేదన్నవారిని మేము ఒక్కరినే చూచితిమి. ఆయనకు కంటిపొర వచ్చి యుండెను.

తెల్లని ఎల్.ఈ.డి. బల్బులను గూర్చి అడుగువారు ఎక్కువ. కంపెనీవారు ఎల్.ఈ.డి.కే డూము చేసి యిచ్చిన బండ్ల మాట వేఱు, అవి మంచివి. తీగ బల్బునకు చేసిన డూములో సంతలో దొరకు ఎల్.ఈ.డి. పెట్టుటయే మేము వలదనుట. తీగ సన్నని నిలువు. దీనిలో వెలుగు పుట్టునది బల్లపఱుపు బిళ్లల మీద, అదియు ఇరుప్రక్కల. అద్దము తీగను ఎఱుగును, బిళ్లను ఎఱుగదు. కావున వెలుగు చక్రము ముందు తెల్లగా పఱచుకొని యజమానిని సంతోషపెట్టును, దూరమున గోతిని చూపదు, ఎదుటివానిని మాత్రము బాధించును. కాయిలు మీద వెలుగు బండిలో మిలమిలలాడును. వెనుక చిన్న పంకా దుమ్ముతో నిండి ఆగిన కొన్నాళ్లకు చచ్చును. నీలిరంగు పూసిన తీగ బల్బులును అట్టివే. రంగు కొంత వెలుగును మ్రింగును, ఆ లోటు మంచులోను వానలోను తెలిసివచ్చును.

సరియైన బల్బు దొరికిన పిమ్మట బిగించు తీరు. ఇంజను ఆపి, పాత బల్బు చల్లాఱినదాక ఆగవలయును. హాలొజెను బల్బు గాజును వ్రేళ్లతో ముట్టరాదు. చేతి జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి చెడును. మెడ లోహము పట్టుకొనుడు; ముట్టినచో స్పిరిటు తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడువుడు. వెడల్పు చెవి డూములో దానికై చేసిన గాడిలోనే కూర్చుండవలయును, బలవంతము అక్కఱలేదు. రబ్బరు టోపీ మరువరాదు, లేనిచో వానకాలమున డూములో నీరు చేరి పూత రాలును. వైరింగు మాఱిన బండిలో వైర్ల రంగులను నమ్మరాదు. బల్బునకు మూడు మొలలు గదా; 12 ఓల్టుల బ్యాటరీ నుండి రెండు వైర్లు తెచ్చి క్షణకాలము రెండేసి మొలలకు తాకించి చూడుడు. దొప్పగల తీగ వెలిగిన అది డిమ్ము. రెండవది వెలిగిన బ్రైటు. రెండు తీగలును మందముగా వెలిగినచో ఆ రెండు మొలలును తీగలవి, మిగిలినది ఎర్తు. ఈ పరీక్షకు అర నిముషము పట్టును. ఇది చేయనందున బ్రైటు డిమ్ముగాను, డిమ్ము బ్రైటుగాను పెట్టుకొని తిరుగు బండ్లను మేము ఒక్క వారములో రెండింటిని చూచితిమి.

ఇక వెనుక బరువు. రెండు చక్రముల నడుమ దూరము సుమారు 130 సెంటీమీటర్లు. రెండు క్యానుల పాలు వెనుక కట్టినపుడు స్ప్రింగులు కుంగి బండి వెనుక భాగము 4 సెంటీమీటర్లు దిగినదనుకొందము. అప్పుడు ముందు దీపపు వెలుగు 10 మీటర్ల దూరమున సుమారు 30 సెంటీమీటర్లు పైకి లేచును; 30 మీటర్ల దూరమున 90 సెంటీమీటర్లు. అనగా బాటమీద పడవలసినది ఎదుటివాని కన్నులకు సూటియగును. అప్పుడు డిమ్ము వేసినను బ్రైటే. ఎత్తు హేండిలు, మార్చిన ఫోర్కు, పెద్ద వెనుక టైరు ఇవియు ఇట్లే వెలుగు కోణమును మార్చును. కావున ఎప్పుడు బరువుతో పోవుదుమో ఆ బరువు కట్టి, మనము పైన కూర్చుండి, వేఱొకరి చేత దీపము సరిచేయింపవలయును. చదునైన నేలమీద సున్నము కొట్టిన గోడకు 10 మీటర్ల దూరమున బండి నిలిపి, దీపము నడిమి యెత్తును గోడపై గుర్తించి, దానికి సుమారు 10 సెంటీమీటర్ల దిగువ ఒక గీత గీయుడు. డిమ్ము వెలుగు పైఅంచు ఆ గీతకు దిగునట్లు డూము మరను త్రిప్పుడు. ఖాళీ బండితో అది కొంచెము క్రిందుగా పడిన నష్టము లేదు.

చట్టము మాట ఒక్కటి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. బల్బు ఆ పత్రములోనికి రాదని మెకానిక్కులు ధైర్యము చెప్పుదురు. ప్రమాదము జరిగిన నాడు మెకానిక్కు మనతో కూడ స్టేషనుకు రాడు.

ఇప్పుడు సంఘమునకు మా విన్నపము. మన దుకాణమున పురుగుమందులు, పారలు, పాల క్యానులు అమ్ముచున్నాము. హెచ్.4 60/55, అదే మెడకు 35/35, హెచ్.ఎస్.1, ఎస్.2 ఈ నాలుగు రకముల బల్బులు గుర్తుగల మంచి సరకు తెప్పించి యుంచుట కష్టము కాదు. 100/90ని తెప్పింపవలదు, అడిగినవారికి లేదని చెప్పవలయును. పాల కేంద్రపు వెనుక గోడకు సున్నము కొట్టించి, ఎదుట 10 మీటర్ల చోట ఇటుకల వరుస వేయించిన చాలును. సాయంకాలపు పాలు పోసి పోవు సభ్యులు, నిండు క్యానులతో అచ్చట ఒక్క నిముషము నిలిచి వెలుగు చూచుకొనవచ్చును. దీనికి సర్వసభ్య సమావేశపు తీర్మానము కావలెనని కార్యదర్శిగారు అనుచున్నారు. కావచ్చును. గోడకు సున్నము కొట్టుటకు మాత్రము తీర్మానము అక్కఱలేదని మా మనవి. ఇది సంఘపు పని కాదు, ఎవరి బండి వారి యిష్టమని వాదించువారు కలరు. నా చేలో కలుపు నా యిష్టమని ఎవరైన అనిన, ఆ విత్తనము గాలికి పొరుగు చేలోనికి పోవుట లేదా అని మేము ఎన్నియో సభలలో అడిగియున్నాము. వెలుగును అట్లే పొరుగువాని చేలో పడుచున్నది.

మా బండికి 60/55 బల్బు తిరిగి పెట్టితిమి. ఆ పరదేశపు డూము తీసి, మన బాటలకు చేసినది వేయించితిమి. తాటి మట్టలు ఇప్పుడు కనబడుట లేదు. గాయపడిన కుఱ్ఱవాడు ఫాల్గుణమున మరల పాలు తెచ్చుట మొదలు పెట్టెను. ఆ తండ్రి ఒకనాటి సాయంకాలము మా యింటికి బండి నడిపించుకొని వచ్చి, “వీడి దీపం కూడా చూడండి, అయ్యగారూ, ఎదటివాడికి గుచ్చుకుంటుందేమో” అనెను. నిండు క్యానులు కట్టించి, పిల్లవానిని పైన కూర్చుండబెట్టి, మా యింటి గోడ యెదుట నిలిపి చూచితిమి. వెలుగు గీతకు జానెడు పైన పడుచుండెను. మరను నాలుగు చుట్లు త్రిప్పవలసి వచ్చెను. అది త్రుప్పుపట్టి యున్నందున ముందుగా కిరసనాయిలు పోసి కొంతసేపు ఆగితిమి.